మేనమామ నడుము

మా అక్క కూతురి పెళ్లి కుదిరిందని తెలియగానే ఇంట్లో అందరూ నా మొహం మానేసి నా నడుము వంక చూశారు. మా వైపు పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకురావాలి. ఆ పిల్లకు మేనమామలం ఇద్దరమే. నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుర్చీకి అతుక్కుపోయినవాణ్ణి. రెండోవాడు మా పెదనాన్న కొడుకు, నార్సింగిలో ప్లాట్లు అమ్ముతాడు. స్థలం చూపించడానికి కూడా కారు దిగడు. అద్దం దించి వేలు చూపిస్తాడు.

పైగా నాకు అంతకుముందే ఒకసారి నడుము పట్టేసింది. నీళ్ల క్యాను ఎత్తబోయి, వంటింట్లో వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నన్ను ఆ భంగిమలోనే మంచం దాకా నడిపించుకెళ్లింది మా మేనకోడలే. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

అందుకే పెళ్లి ఏర్పాట్లు చూసే ఈవెంట్ మేనేజరు, బుట్ట మోయడానికి నల్లచొక్కాల బౌన్సర్లు ఉంటారని, అది ప్యాకేజీలో కలిపే ఉందని చెప్పగానే మా అక్క మొహం వికసించింది. నాకు ఒళ్లు మండింది. మా పిల్లను పబ్బుల గుమ్మాల దగ్గర నిలబడేవాళ్లు మోసుకురావడమేమిటి? పోట్లాడదామని నోరు తెరిచేలోగా మేనకోడలే తేల్చేసింది.

"మామయ్య మోస్తే బుట్టలో వస్తాను. లేదంటే నడిచే వస్తాను."

ఆ పిల్ల చిన్నప్పుడు మేమంతా కొత్తగూడలో ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రావడమే ఆలస్యం, భుజాలెక్కి కూర్చునేది. ఎటు తిరగాలో జుట్టు పట్టి లాగి చెప్పేది. అప్పట్లో జుట్టు కూడా ఉండేది. అలాంటి పిల్ల ఆ మాటన్నాక ఇక నేను వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు. మర్నాడే కొండాపూర్‌లో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

బరువు మోయడమంటే చేతుల పని అనుకుని, చేతులు గట్టిపడే మార్గం చెప్పమన్నాను. ఆవిడ నా చేతుల వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. అద్దం ముందు నిలబెట్టి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. నేను ఊపిరి బిగించి, ఛాతీ పొంగించి, నా వంతు సహకారం అందించాను.

"సార్, పొట్ట లోపలికి గుంజుకున్నరు. గది నిలబడుడు కాదు, ఫోటో దిగుడు," అంది.

తర్వాత తీరిగ్గా వివరించింది. నిటారుగా నిలబెట్టేది ఛాతీ కాదట. పొట్ట లోపల నడుము చుట్టూ పట్టీ కట్టినట్టు ఒక కండరం ఉంటుంది. వెన్నెముకకు రెండు పక్కలా సన్నటి కండరాలు, వీపు రెక్కల మధ్య ఉండే కండరాలు దానికి తోడు. ఇవన్నీ ఒకదానికొకటి ఆసరాగా పట్టుకుంటేనే మనిషి నిలబడతాడు. అన్నిటికంటే పెద్ద కండరం పిరుదులది. అడుగు ముందుకు పడినప్పుడల్లా ఒంటిని తోసేది అదే. దాన్ని నేను ఇన్నేళ్లుగా మెత్తలా వాడుకుంటున్నానని ఆవిడ మర్యాదగా సెలవిచ్చింది.

ఇక నడక. నడకంటే ఒంటికాలి మీద నిలబడటం, ఆ వెంటనే రెండో కాలి మీద నిలబడటం, అంతేనట. ఏదీ, నిలబడమంది. నిలబడ్డాను. అద్దంలో నా కటి ఒక పక్కకు కుంగిపోయింది. పిరుదుకు పక్కగా, తుంటి దగ్గర ఉండే కండరం బలంగా ఉంటే కటి అలా కుంగదట. ఏళ్ల తరబడి ల్యాప్‌టాప్ సంచీ ఒకే భుజాన వేసుకోవడం, లిఫ్టు కోసం ఒకే కాలి మీద వాలి నిలబడటం, అన్నీ కలిసి ఆ కండరాన్ని పనిలోంచి తీసేశాయి.

"ఫికర్ చెయ్యకుండ్రి. కండరాలు యాడికీ పోలే, పండుకున్నయి. లేపుదాం," అంది.

లేపే కార్యక్రమం మొదలైంది. పొద్దున్నే వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని కాలు లేపడం. పిక్కల కోసం ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర మునివేళ్ల మీద లేస్తూ దిగుతుంటే, నేను పక్కవాళ్ల స్క్రీన్లలోకి తొంగిచూస్తున్నానని ఒకమ్మాయి అపార్థం చేసుకుంది. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముతుంటే మా ఆవిడ వచ్చి, ఏ దేవుడి కోసం తపస్సని అడిగి, ప్రత్యక్షమైతే వంటింటి కుళాయి సంగతి కూడా చూడమనమని చెప్పి వెళ్లింది.

పెళ్లి దగ్గర పడ్డాక మా అపార్ట్‌మెంటు సెల్లారులో నేనూ, మా పెదనాన్న కొడుకూ బుట్టతో సాధన. పెళ్లికూతురిని ముందే అందులో కూర్చోబెడితే అరిష్టమని అక్క ఒప్పుకోలేదు. అందుకని నీళ్ల క్యాన్లు కూర్చోబెట్టాం. నాకు క్యాన్లతో పాత లెక్కలున్నాయి కాబట్టి జాగ్రత్తగా మోకాళ్లు వంచి ఎత్తాను. ఎవరి నడక ఊగుతోందో క్యానులో నీళ్లు గలగలా చెప్పేసేవి. ఆ మోత నా వల్లేనని మావాడు, వాడి వల్లేనని నేను సెల్లారు దద్దరిల్లేలా వాదించుకున్నాం. మెల్లగా ఇద్దరి అడుగులూ కలిశాయి, నీళ్లు సద్దుమణిగాయి.

ఒక్క దురలవాటు మాత్రం పోలేదు. ఎంత సేపూ నా కాళ్లనే చూసుకుంటూ నడిచేవాణ్ణి. కిందికి చూస్తే మెడ వంగుతుందని, మెడ వెంట వెన్ను వంగుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. మేనకోడలు ఎవరిదో స్కూటరెక్కి కూర్చుని, మామయ్యా, కిందికి కాదు ముందుకి, అని ట్రాఫిక్ పోలీసులా చేతులూపేది. ఆ కాసేపు ముందుకు చూసి మళ్లీ తల దించేసేవాణ్ణి.

పెళ్లి నార్సింగి దాటాక ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో, పగటి ముహూర్తం. పట్టుచీరలో, చేతుల్లో కొబ్బరిబొండాంతో పిల్ల వచ్చి బుట్టలో కూర్చుంది. అక్క దండం పెట్టుకుంది. దేవుడికో, నా నడుముకో తెలియదు. బౌన్సర్లు ఎందుకైనా మంచిదని రెండడుగుల దూరంలో నిలబడ్డారు. మేమిద్దరం మోకాళ్లు వంచి, నడుము బిగించి లేచాం. బుట్ట లేచింది. సన్నాయి అందుకుంది. పొట్టలో పట్టీ, పిరుదులు, తుంటి, పిక్కలు అన్నీ లేచి కూర్చున్నాయి. నేను యథాప్రకారం నా కాళ్లను చూసుకుంటూ నడుస్తున్నాను.

సగం దూరం వెళ్లాక, చెవి దగ్గర పిల్ల గొంతు చిన్నగా వినిపించింది.

"మామయ్యా, ముందుకి చూడు."

చూశాను. ఎదురుగా మండపం, మండపంలో అడ్డుతెర. తెర కింద పసుపు రాసిన పాదాలు, మా పిల్ల కోసం ఎదురుచూస్తున్న పాదాలు. తల దించుకునే నడుద్దామని చాలా అనిపించింది. ఏడుపొచ్చింది కూడా. కానీ బుట్టలో మనిషి ఉన్నప్పుడు వంగకూడదు కదా, వెన్ను నిలబెట్టుకుని తెర దాకా నడిచాను.

మోకాళ్లు వంచి, చెప్పినట్టే, చప్పుడు కాకుండా దించాం. పిల్ల లేచి పీట మీదికి వెళ్లింది. ఒంట్లోని కండరాలన్నీ నేర్చుకున్నట్టే పనిచేశాయి. చేతుల సంగతి మాత్రం ఎవరూ నేర్పలేదు. వేళ్లు బుట్ట అంచును పట్టుకునే ఉన్నాయి.

మావాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక వదలరా. దిగిపోయింది."