పట్టా కింద తడి

మా హైస్కూల్లో సైన్సు చెప్పే నజీరా టీచర్‌కి కోపం వస్తే చేతిలో సుద్దముక్క విరుగుతుంది. పక్క గదిలో తెలుగు చెప్పుకునే నాకు మొన్న మార్చి అంతా ఆ చప్పుడే.

మాది మిర్చి పండే ఊరు. కోతలు మొదలైతే ఎనిమిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లల్ని తిట్టి లాభం లేదు, కూలికెళ్ళే తల్లిదండ్రుల్ని తిట్టడానికి నోరు రాదు. గుంటూరులో ఏదో శిక్షణకు వెళ్ళొచ్చిన నజీరా దీనికో ఉపాయం పట్టుకొచ్చింది. నలుగురేసి పిల్లలకు ఆన్‌లైన్లో ఒక ఉమ్మడి పేజీ. బడికొచ్చినవాళ్ళు బడి ట్యాబ్‌లో, చేనుకెళ్ళినవాళ్ళు ఇంట్లో ఫోన్లో, అందరూ అదే పేజీలో రాయాలి, ఒకరు రాసింది ఒకరు దిద్దాలి. ఖాళీ పేజీ చూసి బెదిరిపోకుండా వాక్యాల మొదళ్ళు ఆమే ఇచ్చింది. "నేను గమనించినది ఏమిటంటే", "దానికి కారణం బహుశా", ఇలాంటివి. పసివాడికి నడకబండి ఇచ్చినట్టు. నడక రాగానే బండి తీసెయ్యాలి. వారానికొకటి తీసేస్తానని నాతో అంది కూడా. తియ్యలేదు. పేజీలు అంత ముచ్చటగా కనబడుతుంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? పైగా ఆఫీసర్లు చూడ్డానికొస్తున్నారని కబురు.

ఆమె బెంగంతా శ్రీరమ్య మీదే. ఆ పిల్లని కోతలకు తీసుకుపోతూ తల్లి వెంకటరావమ్మ ఖరాఖండీగా చెప్పింది.

"రోజూ ఫోన్లో రాస్తా ఉంటే కోతలవగానే పంపిస్తానండీ. వెనకబడిపోయిందనుకోండి, ఇంక బడెందుకు? నాతోపాటే పనికొచ్చుద్ది."

శ్రీరమ్య రోజూ సాయంత్రం రాసేది. ఒకరోజు ఇలా రాసింది: "రాత్రి కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పాం. పొద్దున తీస్తే పట్టా లోపలివైపు తడి. వాన పడలేదు. ఆ నీళ్ళు ఎక్కడివి?"

మర్నాడు నజీరా ట్యాబ్ పట్టుకుని నా క్లాసులోకే వచ్చేసింది. "చూడండి మాస్టారూ! నేనివ్వని ప్రశ్న! రేపు పాఠం దీంతోనే మొదలుపెడతా."

తెల్లారేసరికి ఆ మాటలు పేజీలో లేవు. ఆ రోజు నుంచి శ్రీరమ్య రాయడమూ మానేసింది. నజీరా ముందు సిగ్నల్ని తిట్టింది, తర్వాత ట్యాబ్‌ని, చివరికి శిక్షణ ఇచ్చినవాళ్ళని. అధికారుల రాక ముందురోజు ఆ గ్రూపు పిల్లల్ని నిలబెట్టి అడిగితే కోటేష్ గర్వంగా చెయ్యెత్తాడు.

"నేనే తుడిచేశా టీచర్. అది మీరిచ్చిన మాటలతో మొదలవలేదుగా. ఆఫీసర్లు చూస్తే శ్రీరమ్యని తిడతారని."

వాడు మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. సుద్దముక్క విరిగింది.

"వాణ్ణి ఏమని తిట్టను మాస్టారూ? నేను నేర్పిందే చేశాడు," అంది స్టాఫ్ రూములో. నాకూ ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం నా స్కూటర్ మీద కల్లానికి వెళ్ళాం. శ్రీరమ్య ముక్కుకు చున్నీ కట్టుకుని కాయలు తిరగేస్తోంది.

"ఎందుకమ్మా రాయట్లేదు?"

"తప్పు రాశాగా టీచర్. తుడిచేశారుగా."

"తప్పు కాదే తల్లీ! కోటేష్ తెలియక తుడిచాడు. ఈ ఏడు నాకొచ్చిన మంచి ప్రశ్న అదొక్కటే," అంటూ నజీరా ఫోన్ తీసింది. పేజీ పాత ప్రతిలోంచి ఆ ప్రశ్నని వెనక్కి తెచ్చింది. ఆ పిల్ల కళ్ళముందే తానిచ్చిన వాక్యాల మొదళ్ళన్నీ తుడిచేసింది. ఇప్పుడు పేజీ చివర శ్రీరమ్య ప్రశ్న, దాని కింద అంతా ఖాళీ.

"దీని కింద నీకేం తోస్తే అది రాయి. ఎలా రాసినా సరే."

వెంకటరావమ్మ కూడా పని ఆపి చూస్తూ నిలబడింది. శ్రీరమ్య మిరప ఘాటు అంటిన చేతులు పావడాకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఒక్కో అక్షరమే నొక్కుతూ చాలాసేపు రాసి, ఫోన్ తిరిగిచ్చింది. ఇద్దరం వంగి చూశాం.

"నేను గమనించినది ఏమిటంటే" అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇలా మొదలుపెడితే ఇంక తుడవరు కదా టీచర్?" అని అడిగింది.