రెండు స్పీడుల మిషను

అరకులో నాకు కిరాణా కొట్టు ఉన్న రోజుల సంగతి ఇది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఊళ్లో కుర్రకారంతా టేపులు పారేసి, సీడీలు కొని, అవి కూడా మొహం మొత్తుతున్న సమయంలో నేను గ్రామఫోను రికార్డుల్లో పడ్డాను. లోకం ఒక పని ముగించి చేతులు కడుక్కున్నాక గాని నేను దాన్ని మొదలుపెట్టను.

రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి వెళ్లిన వాళ్లెవరో వదిలేసిన సామాను పాత ఇనుము కొనేవాడి బండి మీదకు చేరింది. అందులో ఒక అట్టపెట్టె నిండా రికార్డులున్నాయి. వాటిని ఇనుములో తూచాలో ప్లాస్టిక్‌లో తూచాలో తేల్చుకోలేక అతను నా కాటా దగ్గరకు తెచ్చాడు. ఒకటి తీసి ఎండకు పట్టి చూశాను. నూనె రాసి దువ్విన జుట్టులా నిగనిగలాడుతూ గీతలు. నేను చూసిందల్లా ఆ మెరుపే. తూకం వేయించకుండానే పెట్టె లోపల పెట్టించేశాను.

"ఏటండీ ఇవి? అట్ల పెనాలా?" అంది మా ఆవిడ.

"పాటలు."

"అయితే పెట్టండి, ఇందాం."

"మిషను లేదు."

"మరైతే సూత్తూ కూకోండి."

ఆర్నెల్లు చూస్తూ కూర్చున్నాను. ఈ లోకంలో ఏ సంగీతాభిమానీ రికార్డుల్ని నా అంత శ్రద్ధగా చూసి ఉండడు. నలభై రికార్డులూ కంఠతా వచ్చేశాయి, ఒక్క పాటలు తప్ప.

చూడ్డానికైనా ఇంకొన్ని ఉంటే బాగుండుననిపించి, ఒక శుక్రవారం సంత రోజు పొద్దున్నే కొట్టు ముందు పలక మీద సుద్దతో రాసి పెట్టాను: "పాత రికార్డులు కొనబడును. అట్ట చిరిగినా ఫరవాలేదు. పేరు కనపడకపోయినా తీసుకుంటాం. మంచి ధర."

మైదానంలో ఎక్కడైనా ఇది మామూలు ప్రకటన. ఏజెన్సీలో రికార్డు అంటే అర్థం ఒక్కటే, భూమి కాగితం. కొండవాళ్ల భూమి మైదానంవాడు కొనకూడదని చట్టముంది. అయినా పేరు మార్చీ, ఊరు మార్చీ ఆ భూముల మీద పడాలని చూసిన సావుకార్లు ఆ చుట్టుపక్కల లేకపోలేదు. అలాంటి చోట విజయనగరం వైపు నుంచి వచ్చిన కిరాణా కొట్టువాడు పేరు కనపడని పాత రికార్డులకు మంచి ధర ఇస్తానని పలక కట్టాడన్నమాట.

ఆ రోజు నా కొట్లోకి ఈగ కూడా రాలేదు. ఈగకు కూడా పట్టా ఉంటుంది కాబోలు. ఎదురు కొట్లో ఉప్పు కోసం జనం తోసుకుంటున్నారు, నా ఉప్పు కన్నీళ్లు పెట్టుకుంటోంది. మధ్యాహ్నానికి పదిమంది గుంపుగా వచ్చి నిలబడ్డారు. వాళ్ల ముందు, ప్రతి ఏడూ నాకు మిరియాలు అమ్మే పెద్దాయన.

"సావుకారీ, మా రికార్డు నీకెందుకు?"

"పాటలు వినడానికి తాతా."

ఆయన వెనక్కి తిరిగి గుంపును చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. "మా తాత పట్టాలో పాటలేటున్నాయి?"

అప్పుడు వెలిగింది నాకు. లోపలికి పరుగెత్తి నాలుగు రికార్డులు తెచ్చి చేతుల్లో పెట్టాను. నా చదువూ, వంశమూ, దేవుడూ అన్నీ ఆ పదినిమిషాల్లో సాక్ష్యానికొచ్చాయి. చివరికి పెద్దాయన నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. "మరి పేరు కనపడకపోయినా అంటావేటి?" అని ఒకాయన పలక తీసి తన పంచెతోనే తుడిచేశాడు.

నవ్వనిది ఒకావిడే. పైనున్న ఊరి నుంచి వారంవారం అల్లం, గుమ్మడికాయలు దింపుకొచ్చే మనిషి. అరవైకి దగ్గరలో ఉంటుంది. రికార్డును అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసింది.

"ఇలాటిది నా కాడొకటుంది బాబూ. చిన్నది. అందులో మా యమ్మ ఉంది."

ఆవిడ చెప్పింది ఇది. తనకు పదేళ్లప్పుడు చర్చి తరఫున ఎవరో మైకూ, రికార్డింగు పెట్టే మోసుకుని కొండెక్కి వచ్చారు. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని తమ భాషలో ఒక ప్రార్థన పాట పాడింది. ఏడాది పోయాక ఆ పాట రికార్డయి ఊరికి చేరింది. అప్పటికి అమ్మ జ్వరంతో పోయింది. తిప్పే మిషను ఊళ్లో ఎవరికీ లేదు. అప్పట్నుంచీ ఆ రికార్డు బైబిలుతో పాటు రేకుపెట్టెలోనే ఉంది.

"మొకం గేపకముంది. గొంతు గేపకం నేదు" అంది.

"తీసుకురా అమ్మా, మిషను కొనగానే పెడతాను."

"మిషను నేకుండా దాన్నెందుకు బైటికి తియ్యడం? నువ్వు కొను. మంచిది కొను. దాని మీద గీత పడిందా, నీ కొట్టు ముందు కూకుంటాను, ఎవుల్నీ లోపలికెల్లనివ్వను."

అంతవరకు నేను ఏదో ఒకటి, చవకగా, చప్పుడు చేసేది కొందామనుకున్నాను. ఇప్పుడు నా నెత్తిన ఒక తల్లి గొంతు పడింది. ఆ సోమవారమే కిరండోలు పాసింజరులో విశాఖపట్నం బయల్దేరాను. ఒక్కో సొరంగంలో ఒక్కో మిషను కొని, వెలుతురులోకి రాగానే అమ్మేసుకుంటూ వెళ్లాను. శృంగవరపుకోట చేరేసరికి నా దగ్గర ఏ మిషనూ మిగల్లేదు.

విశాఖలో పాత బజారు సందులో రేడియోలు బాగుచేసే ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. కొట్టు అగ్గిపెట్టెంత. లోపల ఆయనా, తీగలూ కలిసి ఒకే ముద్దగా ఉన్నారు. పరీక్షకని నేను పట్టుకెళ్లిన రికార్డును చూసి, "కొత్తగా మొదలెట్టావా?" అన్నాడు.

"ఎలా తెలిసిందండీ?"

"అప్పడంలా పట్టుకున్నావు. అంచులు పట్టుకో. గీతల మీద నీ వేళ్ల జిడ్డు ఎవడు తుడుస్తాడు?"

పెద్దావిడ రికార్డు సంగతంతా చెప్పాను. మూడు మిషన్లు చూపించాడు. మొదటిది ఎర్రటి సూట్‌కేసు లాంటిది. మూత తీస్తే మిషను, స్పీకరు అందులోనే, ధర కూడా నా జేబుకు చుట్టంలా ఉంది. నేను అప్పటికే దాన్ని ఎత్తుకుని రైలెక్కేసిన మొహం పెట్టాను. ఆయన సూది ఉన్న చేతిని ఎత్తి నా వేలి మీద ఆన్చాడు. ఏనుగు కాలేసినట్టయింది.

"ఇది పాట వినిపించదు, తింటుంది. నాలుగు నెలలు పెట్టావంటే గీతలన్నీ దీని కడుపులోకే."

రెండోది టేకు పెట్టె, కింద కాళ్లు, లోపల రేడియో, నాలుగు స్పీడులు. దాన్ని తీసుకెళ్లాలంటే ముందు మా ఇంటి గోడ పడగొట్టాలి, అంతకుముందు రైలు పెట్టె గోడ. మోటారు వెయ్యగానే పాట కంటే ముందు అదే గురక పెట్టింది.

మూడోది పల్చగా, నల్లగా, ఏ సోకూ లేకుండా ఉంది. ముప్పైమూడు, నలభై ఐదు, రెండే స్పీడులు. సూది చేతికి వెనక చిన్న గుండు, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని కాస్త జరిపి, చేయి గాల్లో తేలేలా చేసి, తర్వాత చిటికెడు బరువు సూది వైపు వేశాడాయన. ఇరవై ఏళ్లుగా కాటా పట్టిన వాణ్ని, ఇది నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాటా ముల్లులా ఆ చేయి ఎక్కడ నిలబడిందో చూసి, "ఇంకొంచెం తగ్గించొచ్చు" అన్నాను. ఆయన మొదటిసారి నా మొహం చూశాడు.

"కిరాణావా?"

"అవునండీ."

"అయితే ఇదే నీది. తక్కువ తూచడం అలవాటే కదా. ఇంట్లో ఉన్న టేపురికార్డరుకి తీగ తగిలించుకో, మధ్యలో పెట్టుకోడానికి, సౌండు పెంచే చిన్న డబ్బా నేనిస్తాను. ఆ పెద్దావిడ రికార్డు ఏ స్పీడు?"

"చూడలేదండీ."

"మరి ఏం చూసి కొంటున్నావయ్యా?"

"చిన్నదని చెప్పింది."

"చిన్నదైతే నలభై ఐదే. నూటికి తొంభై తొమ్మిది."

మిగిలిన ఆ ఒక్కటీ ఎవరింటికి వెళుతుందో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు మిషనుకిచ్చి నేను అరకు దాకా నిలబడి వచ్చాను. టీసీ మిషనుకు టికెట్టు అడగలేదు, నన్ను అడిగాడు.

తర్వాతి శుక్రవారం సంత సగం సర్దుకున్నాక ఆవిడ వచ్చింది. వెనకాల మిరియాల పెద్దాయనా, నా మీద ఇంకా పూర్తి నమ్మకం కుదరని ఇద్దరు ముగ్గురూ. కొట్టు వెనక గదిలో చాప వేశాం. తువ్వాలు విప్పి, బైబిలు తెరిచి, కాగితం మడత లోంచి రికార్డు తీసింది. అంచులు మాత్రమే పట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే. మధ్యనున్న కాగితం మీద అంకె చూశాను. డెబ్బై ఎనిమిది.

చూసీ నోరు మెదపలేదు. నలభై ఐదులో పెడితే ఏమో, ఎవరికి తెలుసు, కొద్దిగా తేడా వస్తుందేమోనని ఆశ. సూది దించాను. నూతిలో పడ్డ దున్నపోతు దేవుణ్ని తలుచుకుంటున్నట్టు ఒక గొంతు వచ్చింది.

ఆవిడ కాసేపు వింది. "ఇది మా యమ్మ కాదు. మా మావ" అంది.

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తువ్వాలు దగ్గరకు లాక్కుంది. ఇన్నేళ్లు పెట్టెలో ఉన్న గొంతు మళ్లీ ఆ పెట్టెలోకే వెళ్లిపోతోంది. నేను గబగబా సూది ఎత్తి, తప్పు రికార్డుది కాదనీ, మిషనుదనీ, మిషనుది కూడా కాదు, కొన్నవాడిదనీ చెప్పాను. మోటారు బెల్టు దీన్ని కావలసిన దానికంటే మెల్లగా తిప్పుతోంది, అందుకే ఆ గొంతు.

"ఎంత బేగి తిరగాలి?"

"నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు."

"సుట్లు నెక్కెట్టి ఎవులైనా తిప్పుతారేటి?"

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ కల్పించుకుంది. "ఆ బెల్టేదో తీసీండి. తిరగలి తిప్పినట్టు ఆవిడే తిప్పుకుంటాది. మీకంటే నయం."

బెల్టు తీసేశాను. పళ్లెం గాలికి కూడా తిరిగేంత తేలికైంది. ఆవిడ మిషను ముందు ఒక కాలు చాపుకుని, తిరగలి దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. మధ్య కాగితం మీద చూపుడువేలు ఆన్చి తిప్పింది. నేను సూది దించాను. మొదట పిచ్చుకల గుంపు అరిచింది. చేయి తగ్గించింది. మావ తొంగిచూశాడు. ఆవిడ చేయి ఆపకుండానే కళ్లు మూసుకుని ఆ పాట కూనిరాగం తీయడం మొదలెట్టింది. ప్రతి ఆదివారమూ పాడుకునే పాటేనట. తిరగలి దగ్గర చేతిని పాట నడిపిస్తుంది కదా, ఇక్కడా అదే నడిపించింది. మూడు నాలుగు చుట్లలో పిచ్చుకలూ పోయాయి, మావా పోయాడు. సన్నటి, కొంచెం ముక్కుతో పలికే ఒక ఆడగొంతు స్పీకరులోంచి వచ్చి గదిలో కూర్చుంది.

అందరూ ముందుకు వంగారు. ఆవిడ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. పాట విని, పాడేది వాళ్లమ్మేనా కాదా అని ఆరా తీస్తున్నట్టుంది.

రెండో చరణం మధ్యలో పాట ఆగింది. అదే గొంతు, ఈసారి పెద్దగా, దడదడా నాలుగు ముక్కలు అని, మళ్లీ ఏమీ ఎరగనట్టు చరణం అందుకుంది. మిరియాల పెద్దాయన ఒక్కసారి దగ్గి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ చేయి ఆగిపోయింది. చేయి ఆగగానే వాళ్లమ్మ కూడా మెల్లగా మావయి, ఆగిపోయింది.

"ఏమంది?" అన్నాను. నాకు వాళ్ల భాష రాదు.

"ఆవు సోళ్లలో పడిపోనాది, ఎక్కడ సచ్చావే గుంటా, అంది." అని, వేలు రికార్డు మీదే ఉంచి, "ఆ గుంటని నానే బాబూ. ఆవుని ఒగ్గీసి ఆల మైకు సూత్తూ నిలబడిపోనాను" అంది.

రికార్డు చేసినవాళ్లకు ఆ భాష వచ్చి ఉండదు. తిట్టు కూడా ప్రార్థనలో భాగమే అనుకుని అచ్చేసి, కొండలన్నిటికీ పంచిపెట్టి ఉంటారు. ఎన్ని ఊళ్లలో భక్తులు చేతులు జోడించి ఆ ఆవుని రాగి చేలోంచి తోలారో ఊహించుకోండి.

"మీ అమ్మేనా?" అంది మా ఆవిడ.

"పాట ఎవులైనా పాడతారమ్మా. ఆ తిట్టు మాత్రం మా యమ్మదే."

మళ్లీ పెట్టమంది. పాట అక్కర్లేదట, అక్కణ్నుంచే కావాలట. గుండు ఇంకాస్త వెనక్కి జరిపి, గీతల్లో ఆ తిట్టు ఎక్కడుందో వెతికి, మిరియం గింజ మీద మిరియం గింజ నిలబెట్టినంత జాగ్రత్తగా సూది దించాను. ఆవిడ తిప్పింది. అమ్మ తిట్టింది. మూడోసారి కూడా తిట్టింది. నాలుగోసారికి నేను చేయి ఎత్తుతుంటే ఆవిడే వేలు తీసేసి, రికార్డును అంచులు పట్టి లేపింది.

"ఇంక సాలు బాబూ" అంది, తువ్వాలు అంచు కళ్లకు అద్దుకుంటూ. "ఈ వయసులో ఇన్నేసి తిట్లు తినీలేను."