సువర్ణక్క నెమళ్లు, శెనక్కాయ పురుగు

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే సువర్ణక్కకు సొంత కంప్యూటర్ లేదు. ఏ షాపులో కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుని గీస్తుంది. గీసినదంతా ఒకే పెన్‌డ్రైవ్‌లో, అది మెడలో నల్లదారానికి. మగ్గాల వీధిలో అది దూరని కంప్యూటర్ లేదు.

మొన్న శుక్రవారం పొద్దున నా కంప్యూటర్ రిపేరు షాపులోకి పరుగున వచ్చింది. వెనకాలే చంద్రమోహనన్న. డిజైన్ ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టేది ఆయనే; ఆ చిల్లులను బట్టే చీర మీద బొమ్మ పడుతుంది.

"నా నెమళ్లు లేవప్పా! నలభై దినాలు గీసినా. అన్న కంప్యూటర్‌లో నొక్కితే ఏమీ రాలే!"

ఇన్నాళ్లూ ఆమె గీసినవన్నీ ఎవరివో చీరలు చూసి దించినవి. ఈ నెమళ్ల అంచు ఒక్కటే తన సొంతం. మధ్యాహ్నానికి అట్టలు రాకుంటే మగ్గానికి పాత మామిడిపిందెల డిజైనే ఎక్కిస్తానని నేతగాడు రామాంజనేయులు తేల్చేశాడు.

పెన్‌డ్రైవ్‌ను విండోస్ కాకుండా లినక్స్‌తో నడిచే నా ల్యాప్‌టాప్‌కు పెట్టాను. నెమళ్లు! వరసగా, తోకలతో సహా! సువర్ణక్క కేకకు పక్క టీకొట్టు మొత్తం తొంగిచూసింది.

"నీ డబ్బాలోకి ఎట్లొచ్చినాయిరా?"

"యాడికీ పోలేదక్కా. వైరస్ దాచిపెట్టింది. దాని ఆట విండోస్‌లోనే సాగుతాది."

"దీనికి పురుగే పట్టదా?"

"పట్టొచ్చు. కానీ లినక్స్ వాడేవాళ్లు తక్కువ. ఊరంతా శెనక్కాయ వేస్తే ఎర్రగొంగళి పురుగుకు పండగ. నడుమ ఒక్క మడి కొర్ర కోసం అది ఎందుకు కష్టపడతాది? పైగా ఇది పాస్‌వర్డ్ అడగంది లోపల చెయ్యి పెట్టనీదు."

"నాకూ వైరస్‌లకు కాపలా ప్రోగ్రాం ఉండె కదప్పా," అన్నాడు చంద్రమోహనన్న.

"ఉండె. నీ డిజైన్ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ. దాన్ని పట్టుకుంటాదని నువ్వే ఆపేసినావు. ఇంట్లో దొంగను పెట్టుకొని కుక్కను కట్టేసినావన్నా!"

సువర్ణక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "పదన్నా, కుక్కను విప్పుదువు!"

ఆయన షాపుకు పోయి కాపలా ప్రోగ్రాంను విప్పాం. అది వైరస్‌ను వదిలేసి ముందు ఆయన దొంగ కాపీనే మింగింది. ఆయన లబోదిబోమన్నాడు. అదృష్టం, చిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ మిషన్‌తో పాటు కొన్నది. అది నిలిచింది. వైరస్ పోయి నెమళ్లు మళ్లీ కనబడేసరికి పదకొండున్నర. ఆపైన టకటకా అట్టలు.

మేం మగ్గం దగ్గరికి పోయేసరికి రామాంజనేయులు చేతిలో మామిడిపిందెల అట్టలున్నాయి. సువర్ణక్క వాటిని లాక్కుని తనవి పెట్టింది. మగ్గం మీద నెమలి కింది నుంచి మొదలవుతుంది.

"కాళ్లొచ్చినాయి!" అని ఆమె గంతేసింది.

"తలకాయకు ఇంకా పొద్దుంది. ఇంటికి పోమ్మా," అన్నాడు రామాంజనేయులు.

"పోను. మళ్లీ యాడన్నా దాక్కుంటే?" అని మగ్గం పక్కనే బాసిపట్లు వేసుకుని కూర్చుంది.