స్ట్రిచ్కాకి ఏ చేప పెట్టాలి

గుడ్నీ వేళ్ళకి కళ్ళున్నాయని సరస్సు ఒడ్డున ఉన్న గిమ్లీ ఊరి చేపల షెడ్డులో అందరూ అనేవారు. నలభై ఒక్క ఏళ్ళు ఆమె ఆ బల్ల దగ్గర నిలబడి పికరెల్ చేపలు కోసింది. వెన్ను మీద వేలు ఒక్కసారి పోనిస్తే చాలు, వెంట్రుకంత ముల్లు ఎక్కడ నక్కి ఉందో ఆమెకి తెలిసిపోయేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఈ కంపు భరించే మగాడు దొరకలేదు" అని తనే ముందు నవ్వేసేది. ఏ చేప వేపుడుకి బాగుంటుంది, దేనికి పొగ పెట్టాలి, ఏది కుక్కలకి వెయ్యాలి అన్న విషయాల్లో ఊళ్ళో ఆమెదే ఆఖరి మాట.

అలాంటి మనిషి ఇంటికి డెబ్భయ్యో ఏట ఒక పాము వచ్చింది.

ఇన్‌వుడ్ ఊరి బడిలో పాఠాలు చెప్పిన మరూస్యా ఆమెకి పాత స్నేహితురాలు. ఉద్యోగం అయిపోయి విన్నిపెగ్‌లో కూతురింటికి వెళ్ళిపోతూ, తరగతి గదిలోని గాజు పెట్టెను తెచ్చి గుడ్నీ వంటింట్లో పెట్టింది. పెట్టెలో మనుషులకి హాని చెయ్యని గార్టర్ పాము ఒకటి ఉంది. నల్లటి ఒంటి మీద తల నుంచి తోక దాకా మూడు పసుపు చారలు. మరూస్యా తన ఉక్రేనియన్ భాషలో దాన్ని స్ట్రిచ్కా అని పిలుచుకునేది, అంటే రిబ్బను అని.

"ఇది పెట్టెలోనే పుట్టింది గుడ్నీ. బయట వదిలితే బతకడం తెలీదు."

"నాకు మాత్రం పాముని పెంచడం తెలుసా?"

"వానపాములు పెట్టు. అవి దొరకనప్పుడు చేప పెట్టు. చేపల గురించి నీకు నేను చెప్పాలా?"

ఆ చివరి మాటకి గుడ్నీ పొంగిపోయింది.

వేసవంతా బంగాళాదుంపల మడిలో తవ్వి వానపాములు తెచ్చింది. మొదటిసారి స్ట్రిచ్కా తినడం చూసినప్పుడు కుర్చీలోంచి లేవలేకపోయింది. దానికి చేతుల్లేవు, నమిలే పళ్ళు లేవు. దవడ ఒక పక్క కాస్త ముందుకు జరుగుతుంది, తర్వాత రెండో పక్క జరుగుతుంది, అలా ఆ తిండి మీదుగా నోరే నడుచుకుంటూ పోతుంది. లక్షల చేపల్ని కోసింది గాని, ఒక ప్రాణి ఇంకో ప్రాణిలోకి వెళ్ళడం ఇంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. కాఫీ చల్లారిపోయింది.

నవంబరుకి నేల రాయిలా గడ్డకట్టింది. గునపం వేస్తే ఠంగుమంది. అప్పుడు తమ్ముడు స్టెబ్బీ సంచి నిండా షైనర్లు తెచ్చాడు. గడ్డకట్టిన సరస్సు మంచుకి కన్నం వేసి పికరెల్ పట్టేవాళ్ళు గాలానికి గుచ్చే ఎర చేపలవి. వేలెడంత పొడుగు, వెండిలా మెరుపు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ఫ్రీజరులోనూ ఒక సంచి ఉంటుంది.

"నీ రాణీగారికి సరిపోతాయా అక్కా?"

"దాని నోటికి కొలత తీసినట్టున్నాయిరా."

గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి పెడితే స్ట్రిచ్కా గబుక్కున అందుకునేది. ముల్లుతో, పేగుతో సహా పూర్తి చేప. ఇంతకంటే మంచి తిండి ఏముంటుందని గుడ్నీ మురిసిపోయింది. జనవరి దాకా వేరే తిండే పెట్టలేదు.

జనవరి మూడో వారం ఒక ఉదయం స్ట్రిచ్కా చేప మీదికి దూకి గురి తప్పింది. మళ్ళీ దూకింది, మళ్ళీ తప్పింది. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. గుడ్నీ చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు మెలిపెట్టుకుని వెల్లకిలా పడిపోయింది. పసుపు పొట్ట పైకి ఉంది, తిరగబడడం దాని వల్ల కావడం లేదు. మరూస్యాకి ఫోను చేసింది.

"ఏ చేప పెడుతున్నావ్?" అంది మరూస్యా.

"షైనర్లు. మంచివే, స్టెబ్బీ తెచ్చినవి."

"అవొక్కటేనా? ఎప్పట్నుంచి?"

"నవంబరు నుంచి."

"తప్పు నాదే గుడ్నీ. చేప అన్నాను గాని ఏ చేపో చెప్పలేదు. షైనర్ల ఒంట్లో ఒక పదార్థం ఉంటుంది, అది బి వన్ విటమినుని తినేస్తుంది. గడ్డకట్టించినా చావదు. ఎప్పుడో ఒకటి తింటే ఏం కాదు. అదే తిండైతే నరాలు పోతాయి. ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

స్టెబ్బీకి నమ్మకం కుదరలేదు. "మన తాతలు చేపలు పట్టి తిన్న సరస్సు ఇది. దీని చేప తిని ఎవరు చచ్చారక్కా?"

"తాతలు పికరెల్ తిన్నార్రా. ఎర చేపలు తినలేదు. నోరు మూసుకుని బండి తియ్యి."

బయట మైనస్ ముప్పై. స్ట్రిచ్కాని ఉన్ని మేజోడులో పెట్టి, ఆ మేజోడుని కోటు లోపల రొమ్ముకి ఆనించుకుని, డాక్టరు ఉండే ఆర్బోర్గ్ దాకా బండిలో కూర్చుంది గుడ్నీ. దారంతా ఆ సన్నటి ఒళ్ళు ఉండుండి అదురుతుంటే, చేప వెన్నులో ముల్లు వెతికినట్టు వేళ్ళతో దాని ప్రాణాన్ని వెతుక్కుంది. పశువుల డాక్టరు బి వన్ సూది వేశాడు. "మందు సగమే. ఇక సరైన తిండి తింటేనే నిలబడుతుంది" అన్నాడు.

సరైన చేప పికరెలే, దాంట్లో ఆ పదార్థం ఉండదని మరూస్యా చెప్పింది. గుడ్నీ ఫ్రీజరులోంచి తీసి, పాము తలని కంటితో కొలిచి, దానికంటే సన్నగా ముక్క కోసింది. ఎప్పుడూ తీసేసే మెత్తటి ముళ్ళని ఈసారి తియ్యలేదు, సన్నగా తరిగి కలిపింది. స్ట్రిచ్కా నాలుక ఒకసారి ఆడించి మొహం తిప్పేసుకుంది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే.

"దానికి వాసన కొత్త," అంది మరూస్యా ఫోనులో. "వానపాముని ముక్కకి రాసి పెట్టు, తింటుంది."

"జనవరిలో వానపాము ఎక్కడ్నించి తేను?"

స్టెబ్బీ తన నేలమాళిగలో ఎరువు కోసం వంటింటి చెత్త వేసే తొట్టిలోంచి ఎర్ర పురుగులు గుప్పెడు తెచ్చాడు. గుడ్నీ ఆ మాట చెప్పగానే మరూస్యా ఫోనులోనే అరిచింది. "వద్దు వద్దు! చెత్తలో పెరిగే ఎర్రవి పాములకి విషం!"

"నేను తెచ్చిందల్లా విషమే," అంటూ స్టెబ్బీ గుప్పిట మూసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

గుడ్నీ కిటికీ దగ్గర నిలబడింది. బయటంతా తెలుపు. కిటికీ అంచున జెరేనియం పూలమొక్కల కుండీలు ఆరు ఉన్నాయి. ప్రతి శరత్తులోనూ తోటలోంచి మట్టితో సహా పెకలించి లోపల పెట్టుకుంటుంది, అక్కడి ఆడవాళ్ళందరూ చేసే పనే.

మట్టితో సహా.

ఒక్కొక్క కుండీ బల్ల మీద బోర్లించింది. మొదటి దాంట్లో మొక్క వేళ్ళే. రెండు, మూడు, నాలుగు ఉత్త మట్టి. అయిదో కుండీ అడుగున వేలికి ఏదో తగిలింది. ముల్లు కాదు, వేరు కాదు. మెత్తగా, చల్లగా, చుట్ట చుట్టుకుని నిద్రపోతున్న వానపాము. నేలంతా రాయైన కాలంలో, తన కిటికీ అంచున, తను రోజూ నీళ్ళు పోసిన మట్టిలో అది బతికే ఉంది. గుడ్నీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూసింది.

పికరెల్ ముక్కని దాని ఒంటికి మెల్లగా రాసింది. ముక్క పట్టుకుని గాజు పెట్టెలో చెయ్యి పెట్టింది.

స్ట్రిచ్కా వాలిన తల ఎత్తింది. నాలుక ఆడింది, ఆగింది, మళ్ళీ ఆడింది. గురి తప్పుతుందేమోనని గుడ్నీ ముక్కని దాని మూతి దగ్గరికి ఒక వెంట్రుకంత జరిపింది. నోరు తెరుచుకుంది. దవడ ఒక పక్క ముందుకు జరిగింది, ఆగింది. రెండో పక్క జరిగింది. అంత చిన్న నోరు, అంత పెద్ద పనిని, ఎవరూ నేర్పకుండానే మళ్ళీ మొదలుపెట్టింది.

ముక్క చివర కూడా లోపలికి పోయాక, గుడ్నీ లేచి వానపాముని అయిదో కుండీలోనే పెట్టి, పైన మట్టి కప్పి, గోరువెచ్చటి నీళ్ళు పోసింది.