కాలర్ దగ్గర ఊపిరి

పొద్దున్నే బట్టల మూట విప్పి నీళ్లు చిలకరించడం ఆమె పని. ఇస్త్రీపెట్టె తోయడం ఆయన పని. ఇప్పుడు రెండూ ఆమెవే. నీళ్లు చిలకరించి, అలవాటుగా బల్లకి అటువైపు చొక్కా అందించబోతుంది. చెయ్యి గాల్లో ఆగిపోతుంది. కాళ్లీడ్చుకుంటూ తనే అటు వెళ్తుంది.

ఆయన వాగుడుకాయ. కాలర్ దగ్గరికొస్తే మాత్రం నోరే కాదు, ఊపిరి కూడా బిగబట్టేవాడు.

"మీ నోటికి తాళం పడాలంటే కాలర్ రావాల్సిందే," అని దెప్పేది ఆమె.

"కాలర్ మీద ముడత పడితే తొడుక్కున్నవాణ్ని కాదే, నన్ను తిడతారు జనం," అనేవాడు.

తర్వాత దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ అన్నారు.

"గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. సూదితో ముక్క తీయడం ప్రమాదం," అంది డాక్టరమ్మ. "కొందరి గడ్డలో ఒక జన్యువు మారి ఉంటుంది. వాళ్లకి మాత్ర బాగా పనిచేస్తుంది. స్కానింగ్ ఫోటోని కంప్యూటర్‌తో చదివించి, ఆ మార్పు ఉందో లేదో అంచనా కడుతున్నాం. ఉండొచ్చని తేలితే సూదికి తెగిద్దాం. లేకపోతే ఆ బాధ ఎందుకు?"

"అంటే, మొహం చూసి మనసులో మాట చెప్పడమన్నమాట," అన్నాడాయన.

"అంతే. అందుకే కదలకూడదు."

కదిలాడు. మిషన్‌లో ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా దగ్గు తన్నుకొచ్చింది. ఫోటో అలుక్కుపోయింది. "మసకగా ఉంటే కంప్యూటర్ చదవలేదమ్మా. వచ్చేవారం మళ్లీ చూద్దాం," అంది ఫోటో తీసే అమ్మాయి.

ఇంట్లో ఆమె ఊపిరి బిగబట్టడం అలవాటు చేయించబోయింది. ఊపిరి అన్న మాట వింటే చాలు, దగ్గే. విసిగిపోయి ఇద్దరూ మానేశారు. ఒకరోజు ఊరికే కూర్చోలేక ఆయన చొక్కా అందుకున్నాడు. కాలర్ ఈ కొస నుంచి ఆ కొసదాకా పెట్టె నెమ్మదిగా సాగింది. దగ్గు రాలేదు. ఆమె చేతిలో నీళ్లు కారిపోతున్నా చూసుకోలేదు.

మరుసటి వారం ఆమె ఫోటో అమ్మాయి చెవిలో వేసింది. "ఊపిరి సంగతి ఎత్తకు తల్లీ. కాలర్ వచ్చిందను, చాలు."

ఆ పిల్ల వింతగా చూసింది గానీ, మైకులో అలాగే అంది: "బాబాయ్, కాలర్ వచ్చింది."

అద్దం ఇవతలనుంచి ఆమెకి కనబడింది. తలవెనక పెట్టిన ఆయన వేళ్లు పిడి పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. ఛాతీ కదల్లేదు.

ఆ మార్పు ఉండొచ్చంది కంప్యూటర్. గుండె చిక్కబట్టుకుని సూదికి ఒప్పుకున్నారు. ముక్క పరీక్షలోనూ ఉందనే తేలింది. మాత్ర మొదలుపెట్టాక దగ్గు వదిలింది. ఆయన మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డాడు, మళ్లీ వాగాడు. ఆ ఏడాదీ గడిచింది, మరుసటి ఏడాది వానాకాలందాకా గడిచింది. తర్వాత మాత్రకీ ఓపిక అయిపోయింది.

"అంత చేసి ఏం లాభం వదినా?" అంటుంది ఆడపడుచు. ఆమె వాదించదు. ఆ వాగుడు ఇంకొన్నాళ్లు విన్నది తనే కదా.

ఇవాళ మూట అడుగున ఆయన నీలం చొక్కా వచ్చింది. ఉతికి ఎప్పుడు వేసిందో గుర్తులేదు. చేతులు తోసింది. వీపు తోసింది. కాలర్ దగ్గరికొచ్చేసరికి పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపేసింది. కాలర్ని ముడతలతోనే వదిలేసి, చొక్కా మడిచి లోపల పెట్టుకుంది.