విగ్రహం లేచేదాకా

తెలంగాణ ఏర్పడిన కొత్తలో నన్ను సహాయ పర్యావరణ ఇంజనీరుగా కరీంనగర్‌కు బదిలీ చేశారు. కార్ఖానాల మురుగునీటిని పరీక్షించి, నిబంధన తప్పినవాటిపై చర్యకు సిఫారసు చేయడం నా పని. ఉత్తర్వు ఇచ్చే అధికారం పై అధికారిది.

వేములవాడ దారిలో ఒక కంచు విగ్రహాల కార్ఖానా ఉండేది. వెనకింట్లో బట్టలు కుట్టుకుని బతికే షాహెదా బేగం, తన బావినీళ్లు పచ్చబడ్డాయని ఫిర్యాదు చేసింది. వెళ్లి చూశాను. పోత పోసిన విగ్రహాన్ని యాసిడ్‌తో కడిగి నలుపు వదిలిస్తారు. ఆ నీళ్లలో రాగి కరిగి ఉంటుంది. సున్నం కలిపి, రాగి అడుక్కి దిగాకే బయటికి వదలాలి. అందుకు కట్టిన తొట్టి నిండా పగిలిన అచ్చుల ముక్కలున్నాయి. నీళ్లు గోడ కింది కంత గుండా నేరుగా ఆమె పెరట్లోకి పోతున్నాయి.

యజమాని ఎదుటే నమూనా తీసి, రెండు సీసాలకు సీలు వేసి, ఇద్దరం సంతకాలు చేశాం. చౌరస్తాలో పెట్టబోయే ఒక నాయకుడి విగ్రహం పక్కనే ఉంది. యజమాని దాన్ని చూపించాడు.

"జర విగ్రహం లేవనీయుండ్రి మేడం. తర్వాత మీరెట్లంటె అట్ల."

పరీక్షలో రాగి పరిమితిని ఎన్నో రెట్లు దాటింది. కరెంటు తీసేసి కార్ఖానా మూయించాలని రాసి ఫైలు పంపాను. ఆవిష్కరణ అయ్యేదాకా అది తన బల్ల మీదే ఉంటుందన్నారు పై అధికారి. అవి ఒక కుటుంబం తాగే నీళ్లన్నాను. ఒక్క ఇల్లే కదా అన్నారు.

ఆ వారమే షాహెదా ఆఫీసుకు వచ్చింది. నేరుగా ఆయన గదిలోకే తీసుకెళ్లాను.

"గీ నీళ్లతోని బువ్వ వండితె చేదైతుంది సారు. మీ ఆర్డరు వచ్చేదాంక మేం ఏం తాగాలె?"

ఆయన టీ తెప్పించారు. ఆమె ముట్టలేదు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. మర్నాడు ఉత్తర్వు మీద సంతకమైంది. పట్టుకుని వెళితే షెడ్డు ఖాళీ. మిగిలిన యాసిడ్‌ను అక్కడే నేలలో పారబోసి, హుస్నాబాద్ వైపు మరో పేరుతో పని మొదలుపెట్టారని తెలిసింది. నిబంధన ప్రకారం ఉత్తర్వును ఆ ఖాళీ షెడ్డు తలుపుకే అంటించాల్సి వచ్చింది. పళ్లు కొరుక్కుంటూ అంటించాను.

షాహెదా గోడవతల నిలబడి చూసింది. "వాళ్లు పోయిండ్రు. బాయిని నాకిడిసి పోయిండ్రు" అంది.

ఆలస్యంగా వచ్చే మూసివేత ఉత్తర్వు శిక్ష కాదు, సామాను సర్దుకోవడానికి ఇచ్చే గడువు. ఆ తర్వాత ఫైలు ఆపమని నోటిమాటగా చెప్పిన ప్రతి అధికారినీ ఆ మాట రాసిమ్మని అడిగాను. ఒక్కరూ రాసివ్వలేదు. ఫైళ్లూ ఆగలేదు.