జపాన్ సాబ్ గోడకు నేను వేసిన నీలం

ఆ రోజుల్లో నాకో జబ్బుండేది: చేతిలో పని లేకపోతే ఊపిరాడేది కాదు. చమురు డబ్బుతో దోహాలో రోజుకో విల్లా లేస్తున్న కాలం. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వెళ్లి నాలుగు నెలలే అయింది (మా అమ్మ లెక్కలో మాత్రం నేనుండేది దుబాయ్‌లో). ఒక కంపెనీలో రంగులు వేసే పని. మా ఫోర్‌మన్, హైదరాబాదు భాయ్, పొద్దున్నే ఒకటే మంత్రం చదివేవాడు: "రంగు కింది ప్రైమర్ ఏడన్న తెల్లగ కనబడ్డదో, నీ డ్యూటీ ఖతం. సీదా ఇంటికే." ఆ మాటంటే నాకు హడల్. వీసా కోసం బొంబాయిలో ఏడాది పడిగాపులు పడి వచ్చినవాణ్ణి మరి.

అప్పుడు అల్ హిలాల్ అనే పేటలో ఓ విల్లాకు రంగులు వేస్తున్నాం. అందులో దిగబోయే ముసలాయన యూరప్ చిత్రకారుడు. జపాన్‌లో రెండేళ్లుండి అక్కడి పద్ధతి నేర్చుకొచ్చాడట. జపాన్ సాబ్ అనేవాళ్లం. ఆ రోజు హాలు గోడకు ఓ మూల నల్లసిరాతో ఒక కొమ్మ, దాని చివర ఒక పిట్ట వేసి, మిగతా గోడంతా తెల్లగా వదిలేసి బజారుకు వెళ్లాడు. నా గదుల పని మధ్యాహ్నానికే అయిపోయింది. కంపెనీ బండి సాయంత్రం గాని రాదు. కూర్చున్నాను, లేచాను, డబ్బాలు కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. ఎటు తిరిగినా ఆ తెలుపే. పాపం ముసలాయన, చెయ్యి నొచ్చి సగంలో వదిలేశాడనుకున్నాను (జాలి కూడా పడ్డానండీ). పక్క గదికి వేయగా మిగిలిన నీలం తెచ్చి, కొమ్మ చుట్టూ సన్నబ్రష్షుతో, మిగతాది రోలరుతో, రెండు కోటింగులు లాగించేశాను. ఆయన రాగానే "ఫినిష్, సాబ్" అని శభాష్ కోసం నిలబడ్డాను.

ఆయన వెనకే వచ్చిన ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. "అరే, క్యా కియా రే? గా తెలుపే ఆయన బొమ్మ. పిట్ట ఎగరనీకి జాగ ఇడిసిపెట్టిండు. రేపే నీ టికెట్ కొట్టిస్త." అంతే, రోలరు పట్టుకునే ఏడ్చేశాను. సాబ్ గోడ దగ్గరకు వెళ్లి, పిట్ట అంచుల్ని పరకాయించి చూసి, ఇంగ్లీషులో ఏదో నెమ్మదిగా చెప్పాడు. ఫోర్‌మన్ ముఖం మాడ్చుకుని నాకు చెప్పాడు: "ఈక మీద ఒక్క సుక్క వడలేదట. జపాన్‌ల సాబ్ గూడ మొదట్ల కాయిదమంత నింపేసెటోడట. అక్కడి గురువు ఇంటికి తోలలేదట, ఊకె కూసోవెట్టిండట. నిన్ను గూడ గట్లనే కూసొమ్మంటుండు."

మరునాడు నా చేతే మళ్లీ తెలుపు వేయించి, గోడకెదురుగా స్టూలు మీద గంటసేపు ఊరికే కూర్చోబెట్టాడు. నా బతుకులో అంత కష్టమైన డ్యూటీ మరొకటి చేయలేదు. ఇప్పుడు మోకాళ్లు అరిగి, ఎవరూ చెప్పకుండానే రోజంతా కూర్చుంటున్నాను. ఇంటికి పంపేస్తారని బావురుమన్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. స్టూలు మీద వాడు గంటసేపు కాళ్లూ చేతులూ కదిలిస్తూనే ఉన్నాడు గాని, లేచి ఆ ముసలాయన చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని మాత్రం వెధవకు తోచలేదు.